నాలుగెకరాల వెనక తొంభై ఏళ్లు: చాకలి ఐలమ్మ సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, విద్యార్థులకు నమస్కారాలు.

చాకలి ఐలమ్మ అనగానే మన కళ్ల ముందుకు వచ్చే రూపం ఒకటే. కొంగు నడుముకు బిగించి, కర్ర చేతబట్టి, దొర మనుషులకు ఎదురుగా నిలబడిన స్త్రీ. తెలంగాణలో ఎన్నో కూడళ్లలో ఆ రూపమే విగ్రహమై నిలిచింది. దాని మీద నాకు ఎనలేని గౌరవం ఉంది. అయితే ఆమె 1895లో పుట్టి 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. తొంభై ఏళ్ల ఆయుష్షులో అలా ఎదురు నిలబడిన రోజులు ఎన్ని ఉండి ఉంటాయి? మిగిలిన రోజులన్నీ ఆమె ఏ పనిలో గడిపింది? ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ మిగిలిన రోజుల గురించి. రేవులో బట్టలు ఉతికిన రోజులు, మడిలో నడుము వంచిన రోజులు, పిల్లలను సాకిన రోజులు, కాలిపోయిన ఇంట్లో మళ్లీ పొయ్యి రాజేసిన రోజులు. ఆ రోజులు లేకపోతే ఆమె ఎదురు నిలిచిన రోజు వచ్చేదే కాదని నా గట్టి నమ్మకం.

ఇప్పటి వరంగల్ జిల్లా రాయపర్తి మండలంలోని కృష్ణాపురం ఆమె పుట్టిన ఊరు. తల్లి ఓరుగంటి మల్లమ్మ, తండ్రి సాయిలు. చిన్న వయసులోనే పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహతో పెళ్లయింది. పాలకుర్తి నేడు జనగామ జిల్లాలో ఉంది. ఆనాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో భాగంగా నిజాం ఏలుబడిలో ఉండేది. ఆమె పుట్టేనాటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ గద్దె మీద ఉన్నాడు. 1911లో ఆయన పోయి ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చే నాటికి ఆమె పదహారేళ్ల పిల్ల. హైదరాబాదులో పాలకుడు మారిన సంగతి పాలకుర్తి చాకిరేవు దాకా వచ్చి ఉన్నా, అక్కడి పనిలో మాత్రం మార్పేమీ వచ్చి ఉండదు.

ఆ పని ఏమిటో కొంచెం దగ్గరగా చూద్దాం. ఈ తరం పిల్లలు బట్టలు ఉతికే యంత్రాన్ని మాత్రమే చూసి ఉంటారు కాబట్టి ఇది వివరంగా చెప్పవలసిన విషయమే. ఇంటింటికీ తిరిగి మాసిన బట్టలు మూట కట్టుకుని రావడంతో పని మొదలవుతుంది. ఏ బట్ట ఎవరి ఇంటిదో తెలియడానికి మూలన జీడిగింజ రసంతో చిన్న గుర్తు పెడతారు. చదువు రాని మనిషి వందల బట్టల మధ్య ఆ గుర్తులను చూసి ఇల్లు పోల్చుకుంటుందంటే అది ఎంత జ్ఞాపకశక్తి కావాలో ఆలోచించండి. తర్వాత చవుడు మట్టి కలిపిన నీళ్లలో బట్టలను తడిపి, బాన మీద వరసగా పేర్చి, కింద మంట పెట్టి, ఆవిరికి ఉడకనిస్తారు. దాన్నే ఉబ్బకు పెట్టడం అంటారు. రాత్రంతా ఆ మంటను ఒకరు చూసుకోవాలి. మంట తగ్గితే మురికి వదలదు, హెచ్చితే బట్ట మాడుతుంది. తెల్లవారక ముందే ఆ తడి బరువును రేవుకు చేర్చి, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, బండ మీద ఒక్కొక్కటి బాది, జాడించి, పిండి, ఆరేయాలి. సాయంత్రానికి మడతలు పెట్టి, ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి చేర్చాలి. ఇది ఆడమగ తేడా లేకుండా ఇంటిల్లిపాదీ చేసే వృత్తి. వంట, నీళ్లు, పిల్లలు, ముసలివాళ్లు మాత్రం ఆడమనిషి వంతుకు అదనంగా వచ్చి చేరతాయి.

ఇంత చాకిరీకి ప్రతిఫలం ఏమిటంటే, రోజూ ఇళ్ల దగ్గర పెట్టే అన్నం, ఏడాదికోసారి పంట వచ్చినప్పుడు రైతు కల్లం దగ్గర కొలిచి ఇచ్చే మేర. ఆ మేర ఎంత అన్నది పంటను బట్టి, రైతు మనసును బట్టి ఉండేది. ఐలమ్మ కథలో కల్లం ఎక్కడ వస్తుందో తర్వాత చూస్తాం. ఊళ్లో ధాన్యపు రాశులన్నీ ఇతరులవే. చాకలి స్త్రీ చాట పట్టుకుని ఆ రాశి అంచున నిలబడి తన వంతు కోసం ఎదురుచూడాలి. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఐలమ్మ జీవితమూ ఆ వరుసలోనే సాగింది.

దీనికి తోడు వెట్టి. నిజాం కాలపు తెలంగాణలో ఊళ్ల మీద పెత్తనం చేసే పెద్ద భూస్వాములైన దేశ్‌ముఖ్‌ల ఇళ్లలో, ఊరికి వచ్చిన అధికారుల విడిదిలో చాకలి కుటుంబాలు బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి, చెప్పిన పనల్లా చేయాలి. దానికి కూలి లేదు. కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టివ్వాలి, గొల్ల మేకను తెచ్చివ్వాలి. ప్రతి వృత్తికీ దాని వెట్టి దానికుండేది. వెట్టిని మనం అవమానంగా చెప్పుకుంటాం. అది అవమానమే, కానీ అంతకు ముందు అది ఒక మనిషి రోజును దోచుకోవడం. దొర గడీలో, అంటే కోట లాంటి ఆ ఇంట్లో, ఒక పూట అంట్లు తోమిన ఆడమనిషికి ఆ పూట తన చేను లేదు, తన పిల్ల లేదు, తన ఒళ్లు తన ఆధీనంలో లేదు. అలా పోగొట్టుకున్న పూటలకు ఏ దఫ్తరంలోనూ లెక్క లేదు. ఐలమ్మ జీవితాన్ని చదివే విద్యార్థులు ముందు ఈ లెక్కను మనసులో పెట్టుకోవాలని నా కోరిక.

ఈ చాకిరీ మధ్యనే ఆమె కొడుకులను, ఒక కూతురిని కని పెంచింది. పిల్లలు చేతికి అందివచ్చే సమయానికి ఆ ఇంటి పెద్ద ఒక నిర్ణయం తీసుకుంది. మల్లంపల్లి భూస్వామికి పాలకుర్తిలో ఉన్న 40 ఎకరాల భూమిని కౌలుకు తీసుకుంది. అందులో 4 ఎకరాలను ఆ కుటుంబం సాగులోకి తెచ్చింది. ఆమె పేరు చరిత్రలోకి రావడానికి మూలం ఈ రెండు అంకెలే.

40 ఎకరాలు తీసుకుని 4 ఎకరాలే ఎందుకు సాగు చేశారని ఎవరైనా అడగవచ్చు. సాగు లేని నేలను మడిగా మార్చిన వాళ్లు ఆ ప్రశ్న అడగరు. కంప నరకాలి, మొద్దులు పెకలించాలి, రాళ్లు ఏరి గట్టున పోయాలి, మిట్టలు చదును చేయాలి, నీరు నిలిచేలా గట్లు వేయాలి. ఇదంతా ఎడ్లు, నాగళ్లు పుష్కలంగా ఉన్న మోతుబరికే ఏళ్లు పట్టే పని. రేవు పని మానకుండా, వెట్టి తప్పించుకోలేకుండా, ఒక వృత్తి కుటుంబం తన రెక్కల మీద 4 ఎకరాలను పంటకు తెచ్చిందంటే అది సామాన్యమైన విషయం కాదు. ఆ ఇంట్లో ఎవరు రేవుకు పోవాలి, ఎవరు మడికి పోవాలి, గడీ నుంచి కబురు వస్తే ఎవరిని పంపాలి అని పొద్దున్నే ఎవరో ఒకరు తేల్చాలి. ఇంటిని నడిపే స్త్రీ తెలివి అక్కడే కనబడుతుంది. తరాలుగా పరాయి కల్లం దగ్గర చాట పట్టిన ఇంట్లో ఒక స్త్రీ తన సొంత కల్లం కావాలనుకుంది. ఐలమ్మ చేసిన మొదటి తిరుగుబాటు అదేనని నా అభిప్రాయం. అప్పటికి జెండా లేదు, నినాదం లేదు, ఆంధ్ర మహాసభ సంఘం ఊళ్లోకి రాలేదు.

ఊరి పెద్దలకు అది వెంటనే అర్థమైంది. పాలకుర్తి పట్వారీ ఆమె కౌలును సహించలేకపోయాడు. ఆ రోజుల్లో పట్వారీ అంటే ఏమిటో నేటి వాళ్లకు చెప్పాలి. భూమి ఎవరిది, ఎవరు దున్నుతున్నారు, శిస్తు ఎంత అన్నది పహాణీలో రాసే కలం అతనిది. అతను రాసిందే నిజం. అలాంటి వాడు ఐలమ్మ కుటుంబం మొత్తం వచ్చి తన పొలంలో పని చేయాలని హుకుం జారీ చేశాడు. ఆ మాటకు తల వంచితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వరి ఎవరి కోసమూ ఆగదు. నాటు అదను తప్పితే పంట లేదు, కోత అదను తప్పితే గింజ నేల రాలుతుంది. పట్వారీ పొలంలో ఇంటిల్లిపాదీ వంగిన రోజున సొంత మడి ఎండుతుంది. ఆమె రానని చెప్పింది. ఆ తిరస్కారంలో ధైర్యం ఎంత ఉందో, పంట పండించే మనిషికి ఉండే లెక్క కూడా అంతే ఉంది.

పట్వారీ వెనక విస్నూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి ఉన్నాడు. 40,000 ఎకరాల భూమి, 60 గ్రామాల మీద పెత్తనం ఉన్న మనిషి. అంతటి వాడికి ఒక చాకలి స్త్రీ కౌలు భూమిలో 4 ఎకరాల పంట ఎందుకు కంటగింపు అయింది? ఆ ధాన్యం అతనికి ఒక లెక్కలోది కాదు. కానీ వెట్టి చేసే ఇల్లు సొంతంగా గింజలు పండించుకుంటే రేపు వెట్టికి రాదు. ఒక ఇల్లు రాకపోతే పక్క ఇల్లు చూస్తుంది. గడీ బతుకంతా ఆ భయం మీదనే నిలబడి ఉందని దొరకు మనకన్నా బాగా తెలుసు.

1944 భువనగిరి సభ తర్వాత ఆంధ్ర మహాసభ రావి నారాయణరెడ్డి నాయకత్వంలో పల్లెల్లోకి చొచ్చుకుపోయింది. సభ్యత్వ రుసుమును అణాకు తగ్గించడంతో కూలీలు, కౌలుదారులు, వృత్తుల వాళ్లు అందులో చేరారు. జనం దానిని సంఘం అని పిలుచుకున్నారు. ఐలమ్మ ఆ సంఘంలో చేరింది. దాంతో ఆమె మీద, సంఘం నాయకుల మీద కేసు పెట్టించారు. ఇంటి మగవాళ్లు కేసుల్లో చిక్కుకున్నారు. ఆమె తరఫున న్యాయవాది కొండా లక్ష్మణ్ బాపూజీ వాదించారు. దేశ్‌ముఖ్ పెట్టించిన కేసు న్యాయస్థానంలో నిలవలేదు. అప్పుడు అతను ఆ భూమి తనదేనంటూ, పంట కోసుకు రమ్మని మనుషులను పంపించాడు.

ఆ కోత కథ మీలో చాలా మందికి తెలుసు కాబట్టి దాన్ని క్లుప్తంగా చెబుతాను. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు వంటి సంఘం కార్యకర్తలు ఐలమ్మకు అండగా వచ్చారు. దొర మనుషులు వెనక్కి తగ్గారు. కార్యకర్తలు వరి కోసి, కొట్టి, ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఈ ఘటనను చెప్పేటప్పుడు చాలా పుస్తకాలు సంఘం ఐలమ్మ పంటను కాపాడిందని రాస్తాయి. ఆ మాటలో అసత్యం లేదు. ఆ కార్యకర్తల త్యాగాన్ని తగ్గించే ఉద్దేశం నాకు ఏ మాత్రమూ లేదు. అయితే వాళ్లు వచ్చి కాపాడటానికి అక్కడ పండిన పంట ఒకటి ఉండాలి కదా. నారు పోసి, నాటు వేసి, కలుపు తీసి, రాత్రుళ్లు నీళ్లు కట్టి, గింజ గట్టిపడేదాకా కనిపెట్టుకుని ఉన్న చేతులు ఎవరివి? వెనుకటి నెలలన్నీ ఆ ఇంటివి. చరిత్ర కోత దగ్గర మొదలుపెడుతుంది. నారుమడి దగ్గర మొదలుపెట్టి చదవాలని నేను కోరుతున్నాను.

కల్లంలో ఆ వడ్లను తూర్పారబట్టేటప్పటి దృశ్యాన్ని ఊహించుకోండి. వరిగడ్డి నుంచి రాలిన గింజను చాటతో ఎత్తి గాలివాటుకు పోస్తారు. పొల్లు, తాలు దూరంగా ఎగిరిపోతాయి, గట్టి గింజ కాళ్ల దగ్గర కుప్ప పడుతుంది. ఆ పని చేసేటప్పుడు దుమ్ము కళ్లలో పడుతుంది, చేతులు గుంజుతాయి, చెవుల్లో నూగు దూరి ఒళ్లంతా దురద పెడుతుంది. అయినా ఆ రోజు కల్లం పెద్ద ఆ ఇంటి స్త్రీయే. రాశిలోంచి ఎవరికి ఎంత కొలవాలో చెప్పే నోరు ఆమెది. అంతకు ముందు తరాల్లో ఆ కులంలో పుట్టిన ఎందరు ఆడవాళ్లకు ఆ మాట చెప్పే అవకాశం దక్కింది?

దొర దీనికి కక్ష తీర్చుకున్నాడు. ఇంటికి నిప్పు పెట్టించాడు. ఇంట్లో ఉన్నది దోపించాడు. ఆమె బిడ్డ మీద అత్యాచారం జరిగింది. ఈ మాటను నేను వేగంగా దాటిపోవడం లేదు, కానీ వర్ణించను కూడా. ఒక తల్లి పడిన ఆ దుఃఖాన్ని వేదిక మీద అలంకారాలతో చెప్పడం నాకు ఇష్టం లేదు. నేను గుర్తుచేయదలచింది ఒక్కటే. ఇంత జరిగాక కూడా ఆమె ఆ ఊరు విడిచిపోలేదు, ఆ భూమి వదలలేదు. అలా ఉండిపోవడానికి కావలసిన శక్తి ఒక రోజులో పుట్టేది కాదు. ఏళ్ల తరబడి కుటుంబాన్ని లాగుకొచ్చిన మనిషికే అది ఉంటుంది. మర్నాడు పొద్దున్నే మిగిలిన పిల్లలకు ఏదో ఒకటి వండాలి, నీళ్లు తేవాలి, కాలిన గోడల మీద ఏదో ఒక కప్పు వేయాలి. పోరాటాల చరిత్రలో ఆ మర్నాటి పొద్దుకు ఒక పేజీ కూడా దొరకదు.

తర్వాతి పరిణామాలు మీకు తెలిసినవే. 1946 జూలై 4న కడవెండిలో విస్నూరు దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. నిజాం పాలన మీద, దొరల మీద సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం దాదాపు 3,000 గ్రామాలకు పాకింది. సుమారు 10 లక్షల ఎకరాలు పేదల చేతికి వచ్చాయి. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. కౌలుదారుకు హక్కు ఉందని చట్టం రాయడానికి ఏళ్ల ముందే ఐలమ్మ ఆ హక్కును తన మడిలో నిలబెట్టుకుంది. చట్టాల చరిత్ర చెప్పే మిత్రులు ఈ వరుసను మరిచిపోకూడదు.

ఇక ఆమె జీవితంలో మనం అతి తక్కువగా మాట్లాడుకునే భాగానికి వస్తాను. 1951 నుంచి 1985 దాకా 34 ఏళ్లు ఆమె బతికింది. ఒక మనిషి పెళ్లి చేసుకుని పిల్లలను పెంచి పెద్దచేసేంత కాలం అది. గడీలు ఖాళీ అవడం చూసింది. 1956లో రాష్ట్రం మారడం చూసింది. 1973లో భూ గరిష్ఠ పరిమితి చట్టం వచ్చేనాటికి ఆమెకు డెబ్బై ఎనిమిదేళ్లు. తన పేరు మీద పదవి ఏదీ రాలేదు. పాలకుర్తిలోనే, తన వాళ్ల మధ్యనే ఉండి, అక్కడే ముసలిదై, అక్కడే చనిపోయింది. మన సభల్లో ఈ 34 ఏళ్లను ఒక్క వాక్యంతో దాటేస్తాం. ఏ పోరాటం కోసం ఇల్లు తగలబడిందో ఆ పోరాటం ముగిశాక, ఆ భూమిని దున్నుకుంటూ, మనవల తరాన్ని చూసుకుంటూ గడిపిన కాలం ఆమె గెలుపు కాదా? దొర లాక్కోవాలనుకున్నది సరిగ్గా ఈ మామూలు జీవితాన్నే. దాన్ని ఆమె చివరిదాకా జీవించింది.

ఆమె చివరి సంవత్సరాల్లో స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం సభ్యులు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి వాళ్ల మాటలను రికార్డు చేశారు. వాళ్లలో ఐలమ్మ కూడా ఉంది. ఆ పనికి మనం ఎంతైనా రుణపడి ఉన్నాం. అప్పటిదాకా ఆమె గురించి ఇతరులు చెప్పారు. అప్పుడు ఆమె తన నోటితో చెప్పింది. ఇంకొన్నేళ్లు ఆలస్యమై ఉంటే ఆ గొంతు మనకు దక్కేది కాదు. మరి ఆమెతో పాటు రేవులో నిలబడిన వాళ్లు, ఆ మడిలో నాట్లు వేసిన ఆడవాళ్లు, కేసుల్లో ఇరుక్కున్న మగవాళ్ల ఇళ్లను నెట్టుకొచ్చిన తల్లులు ఏం చెప్పి ఉండేవారో మనకు ఎప్పటికీ తెలియదు. వాళ్లను ఎవరూ అడగలేదు.

2024లో హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఐలమ్మ పేరు పెట్టారు. 1924లో కళాశాలగా మొదలై, ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ భవనంలో ఎన్ని తరాల ఆడపిల్లలకో చదువు చెప్పిన చోటు అది. నాకు చాలా సంతోషం కలిగింది. ఆ పేరున్న చోట చదివే విద్యార్థినులకు ఈ సభ నుంచి ఒక విన్నపం చేస్తున్నాను. సెలవులకు ఊరికి పోయినప్పుడు మీ ఇంట్లోనో, పక్క ఇంట్లోనో ఎనభై దాటిన అమ్మమ్మ ఉంటే ఆమె దగ్గర కూర్చోండి. పోరాటాల గురించి, నాయకుల గురించి తర్వాత అడగవచ్చు. ముందు ఆమె పని గురించి అడగండి. పొద్దున ఎన్నింటికి లేచేదానివి, ఏ పని ఎవరి దగ్గర నేర్చుకున్నావు, కాన్పయిన ఎన్నాళ్లకు మళ్లీ పనిలోకి దిగావు, కూలి ఎవరి చేతికి ఇచ్చేవారు, ఇంట్లో గింజలు అయిపోయిన నెలలో ఏం చేసేదానివి, కాదు అని మొదటిసారి ఎవరితో అన్నావు. ఆమె మాటలను ఆమె యాసలోనే, దిద్దకుండా రాసుకోండి. రాసినవి తెచ్చి మీ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రపరచమని అడగండి. అధ్యాపకులు ఈ వేదిక మీద ఉన్నారు కాబట్టి వాళ్లనూ నేరుగా అడుగుతున్నాను: అలాంటి రాతల కోసం ఒక బీరువా కేటాయించండి. వచ్చే జయంతి నాటికి అందులో కొన్ని పుస్తకాలైనా చేరి ఉంటే, ఆ సభకు నన్ను వక్తగా పిలవనక్కరలేదు, చదువుకోవడానికి పిలవండి.

ఓపికగా విన్నందుకు అందరికీ ధన్యవాదాలు.